బాపు ఒడిలో కండె

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక శాసనం అమలులో ఉండేది... "బాపు డ్యూటీ దిగి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నది మొదలు, ఆయన ఒడి పిల్లిది. దానిని అక్కడి నుండి లేపుటకు భార్యకు గానీ, ఏకైక కుమారునికి గానీ ఎట్టి అధికారమూ లేదు." పళ్లెం మీద గరిటెతో కొట్టి ఈ దండోరా వేసేది ఆ ఏకైక కుమారుడే... అంటే నేనే.

మాది ముంబై దగ్గరి భివండిలో నాగావ్. ఒకటే గది. గోడకు అవతలే సాంచలు... పవర్‌లూములను మావాళ్ళు అలాగే అంటారు. బాపు పని అక్కడే. ఒకనాడు నూలు చుట్టిన కండెల బుట్టలో ఆయనకు గుప్పెడంత పిల్లికూన దొరికింది. దాని పేరూ కండె అయింది.

అంతగా మనిషిని అంటుకుని తిరిగే ప్రాణిని నేను మళ్ళీ చూడలేదు. బాపు స్నానానికి పోతే తలుపు ముందు కాపలా. అన్నం తింటుంటే మోచేతి కింద. చాప మీద ఒరిగితే ఛాతీ మీద. అమ్మ దాన్ని సవతి అనేది. బాపు గడపలో కాలు పెట్టగానే, "పో, నీ చిన్న పెండ్లం ఎదురుసూస్తంది" అనేది.

ఒక చిత్రం ఏమిటంటే, కండె అరిచేది కాదు. సాంచల మోతలో పుట్టి పెరిగింది కదా... ఎంత అరిచినా ఎవరికీ వినపడదని దానికి తొందరగానే తెలిసిపోయింది. నోరు పెద్దగా తెరిచేది, గొంతు మాత్రం వచ్చేది కాదు. బాపు తనవైపు చూడాలంటే ఆయన గడ్డం మీద కాలితో తట్టేది. ఆయన చెయ్యి ఊపితే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. సాంచల దగ్గర మనుషులూ అంతే... చేతులతోనే మాట్లాడుకుంటారు.

ఆ మోతకు బాపు చెవులు మందగించాయి. నేను మూడుసార్లు పిలిస్తే ఒకసారి "ఆఁ" అనేవాడు, అదీ పిల్లిని నిమురుతూ. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేయడం మా గల్లీలో అందరికంటే ముందు నేను నేర్చుకున్నాను. ఆయన ముందు నిలబడి ఊపిరంతా పెట్టి వేశాను. ఆయనకు వినపడలేదు. అప్పుడే కండె గడ్డం తట్టింది... బాపు నవ్వాడు. దాన్ని చూసి.

నాకు కడుపు మండింది. పిల్లితో పోటీకి దిగిన వీరుణ్ణి... నవ్వుకోండి, మీరేమన్నా తక్కువ తిన్నారా.

ఒక గురువారం, బాపు డ్యూటీ దిగకముందే, కండెను ఖాళీ గోనెసంచిలో వేసి మూతి వదులుగా కట్టాను. మాన్కోలి గోదాములకు పోవాల్సిన గుడ్డ మూటలు కార్ఖానా బయట టెంపో పక్కన ఉంటే, వాటి వెనుక దాచాను. బాపు వెతకాలి. నన్ను అడగాలి. కాస్త బతిమాలాలి. అప్పుడు నేను దర్జాగా తెచ్చివ్వాలి. అంతే అనుకున్నాను... ఈలోగా గల్లీలో గోటీలాట మొదలైంది. తిరిగొచ్చేసరికి మూటలు లేవు. టెంపో లేదు. గోనెసంచీ లేదు.

హమాలీలకు తెలియలేదా అంటారు. ఆ మోతలో ఏం తెలుస్తుంది... అసలు అది అరిచి ఉంటుందా? నోరు మాత్రం తెరిచి ఉంటుంది. సంచిలో, చీకట్లో.

ఆ రోజు బాపు ఒడి ఖాళీ. నేను కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"కండెను సూశినవారా?" అని అడిగాడు. సూటిగా నా మొహంలోకి చూసి అడిగాడు. లేదని తల ఊపాను.

రెండు రోజులు గల్లీ చివర నిలబడి చెయ్యి ఊపాడు. పళ్లెం ముందు కూర్చునేవాడు, లేచిపోయేవాడు. మూడో రోజు టెంపో డ్రైవర్ నాకు కబురు చెప్పాడు... మాన్కోలిలో మాల్ దించుతుంటే సంచిలోంచి పిల్లి దూకిందట. అక్కడి వాచ్‌మన్ పాలు పోస్తున్నాడట. ఆయన ఒడి ఎక్కి కూర్చుంటోందట. నాలుగు చోట్ల దించాడు గనుక ఏ గోదామో మాత్రం గుర్తు లేదట. బాపుకు చెప్పాను. అది సంచిలోకి ఎట్లా పోయిందని ఆయన అడగలేదు. ఆ పూట అన్నం తిన్నాడు.

శుక్రవారం సాంచలు బంద్. బాపు నన్ను వెంటబెట్టుకుని మాన్కోలికి బయలుదేరేవాడు. షట్టర్లు, లారీలు, దుమ్ము... ప్రతి గోదాము ముందూ ఆగి చెయ్యి ఊపేవాడు. జనం వింతగా చూసేవాళ్ళు. ఒక వడాపావ్ కొని, పెద్ద ముక్క నాకిచ్చేవాడు. అక్కడ సాంచల మోత లేదు. నేను పక్కన నడుస్తూ కాస్త గట్టిగా మాట్లాడితే ఆయనకు వినపడేది. తన చిన్నతనం ముచ్చట్లు చెప్పేవాడు. ఒకసారి ఉండబట్టలేక ఈల వేశాను. టక్కున ఆగి నావైపు తిరిగాడు.

"గిది ఎప్పుడు నేర్సినవురా?"

"శానా దినాలాయె బాపూ."

"ఇంకోపాలి ఎయ్ కొడుకా. గట్టిగ ఎయ్. అది ఇంటది."

వేశాను. పెదవులు మండేదాకా వేశాను.

ప్రతి గురువారం డ్రైవర్ ఏదో ఒక కబురు తెచ్చేవాడు... బలిసిందట, మెడకు ఎర్రదారం కట్టారట. ప్రతి శుక్రవారం మేం పోయేవాళ్ళం. వానలు మొదలయ్యాక ఒకరోజు, తడిసిన షట్టర్ల ముందు నిలబడి బాపే అన్నాడు. "సాలు తీ బిడ్డా. దానికి ఎవలదో ఒడి దొరికింది. మంచిగనే ఉంటది."

ఆ తర్వాత శుక్రవారాలు మళ్ళీ గోడకు ఆనుకునే గడిచాయి. ఖాళీ ఒడితో.

ఇప్పుడు బాపు లేడు. ఆ సాంచలు తుక్కు కింద అమ్ముడుపోయాయి. ఆ గల్లీలో ఇప్పుడు ఎవరు పిలిచినా వినపడుతుంది... పిలిచే మనుషులే లేరు. మా ఇంట్లో మాత్రం పక్కనే కూర్చుని పిలిచినా ఫోన్‌లోంచి తల లేవదు. గడ్డం తట్టి తనవైపు తిప్పుకునే ప్రాణి మీ ఇంట్లోనూ ఉండేదా? ఉంటే కింద రాయండి... నేను చదువుతాను.

ఇంకొక్క మాట. పైన ఒక అబద్ధం రాశాను.

వాచ్‌మన్ లేడు. పాలు లేవు, ఎర్రదారం లేదు. డ్రైవర్ నాకు ఏ కబురూ చెప్పలేదు. నేను అడగనేలేదు... ఏం చెప్తాడోనని.

మొదటిసారి, బాపు అన్నం తినాలని కల్పించాను.

మిగతావన్నీ... శుక్రవారాల కోసం.