ఆపడం తెలియని పెద్ద డ్రమ్ము

నా జీవితంలో ఒకే ఒక్కసారి నేను ఒక ఊరేగింపుకు నాయకత్వం వహించాను. వెనక ఎంతమంది వస్తున్నారో నాకు తెలియదు. ముందు ఏముందో కనబడదు. దాన్ని ఆపే పద్ధతి ఊరేగింపులో ప్రతివాడికీ తెలుసు, ఆపాల్సిన ఒక్కడికి తప్ప. ఆ ఒక్కణ్ని నేనే. కూకట్‌పల్లి చరిత్ర ఎవరైనా రాస్తే ఆ సాయంత్రానికి ఒక పేజీ ఇచ్చి తీరాలి. ఎవరూ రాసేలా కనబడడం లేదు కాబట్టి నా పరువు నేనే తీసుకుంటున్నాను.

డెబ్భైల నాటి మాట. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ రోడ్డును అప్పుడు బొంబాయి రోడ్డు అనేవాళ్లం. దాని పక్కన నాలుగు హోటళ్లు, రెండు సైకిలు షాపులు, వాటి వెనక జొన్నచేలు. కొండాపూర్ వెళ్లాలంటే టిఫిను కట్టుకుని బయలుదేరాలి. మా నాన్న తెనాలి వైపు నుంచి వచ్చి బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా చేరారు. కూకట్‌పల్లి ఊళ్లో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నేను పదో తరగతి.

ఆ రోజుల్లో నాకు రెండు గొప్ప లక్షణాలు ఉండేవి. లెక్కలు రావు, రావని ఒప్పుకోను. అర్ధ సంవత్సరం పరీక్షలో వందకి పంతొమ్మిది తెచ్చుకుని, "పేపరు కష్టంగా ఇచ్చారు నాన్నా" అన్నాను. నాన్న ఆ మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడే సుబ్బరామయ్య మాస్టారి ట్యూషన్‌లో చేర్పించారు. సాయంత్రం ఆరింటికి మొదలు.

"ఒరేయ్ ప్రసాదూ, పదో తరగతి గట్టెక్కేదాకా నీ చేతిలో పుస్తకం తప్ప ఇంకోటి కనబడకూడదు. కనబడిందా, మర్నాడే బాపట్ల రైలెక్కిస్తాను. పెదనాన్న దగ్గర ఉండి చదువుకుందువు గాని" అన్నారు.

బాపట్ల పెదనాన్న గురించి మీకు చెప్పాలి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఉద్యోగం ఆయన్ను వదిలిందిగాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఇంటికి వచ్చిన చుట్టాల్ని కూడా పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పమనేవారు. చెప్పలేనివాళ్లకు పెరుగు వేసేవారు కాదు. సెలవుల్లో నేను అక్కడ పదిరోజులు ఉండి, తొమ్మిది రోజులు పెరుగు లేని అన్నం తిని వచ్చాను. బాపట్ల పేరు వింటేనే నేను ముందుగా పెరుగు గిన్నె దగ్గరికి జరిగేవాణ్ని.

సరిగ్గా ఆ వారమే మా ఊళ్లో డ్రమ్ముల బ్యాండు మొదలైంది. ఫౌజులో, అంటే సైన్యంలో, ఇరవై ఏళ్లు బ్యాండు వాయించి రిటైరైన సత్తయ్య హవల్దార్ ఊరి కుర్రాళ్లను పోగుచేసి స్కూలు మైదానంలో నేర్పించడం మొదలుపెట్టాడు. రెండు నెలల్లో చుట్టుపక్కల ఊళ్ల బ్యాండ్లకు పోటీ. గెలిచినవాళ్లకు షీల్డు. నా పక్క బెంచీలో కూర్చునే యాదగిరి అప్పటికే చేరిపోయాడు. వాడితోపాటు ఊరికే చూద్దామని వెళ్లాను. ఊరికే చూడ్డానికి వెళ్లి బాగుపడ్డవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

అక్కడ అందరూ చిన్న డ్రమ్ముల కోసం కొట్టుకుంటున్నారు. పెద్ద డ్రమ్ము ఒంటరిగా గోడకు ఆనుకుని ఉంది. దానికి వేళ్ల నేర్పు అక్కర్లేదు, భుజబలం చాలు. నాకు రెండూ లేవు. కానీ అది అన్నిటికంటే గట్టిగా మోగుతుంది. నాకు అది చాలనిపించింది.

హవల్దార్ నన్ను కిందినుంచి మీదికి చూశాడు. ఎంతోసేపు పట్టలేదు.

"గింత బక్కగున్నవ్, గంత డ్రమ్ము మోస్తవారా?"

"మోస్తానండీ."

"అండీ గిండీ నడ్వదు ఈడ. జీ సాబ్ అను."

"జీ సాబండీ."

డ్రమ్ము మెడకు తగిలించుకోగానే నేను మాయమైపోయాను. ముందు నుంచి చూస్తే రెండు కాళ్లున్న డ్రమ్ము. నాకు కూడా ఎదురుగా ఏమీ కనబడేది కాదు. పక్కలు కనబడేవి. ముందు నడిచే హవల్దార్ తన చేతికర్ర పైకెత్తితే దాని కొస కనబడేది, అంతే.

హవల్దార్ మొదటిరోజే అందరికీ ఒక నియమం చెప్పాడు. "బ్యాండుల పెద్ద డ్రమ్మే రాజు. అది మోగినంతసేపు కాలు ఆగొద్దు. ముంగట గోడొచ్చినా సరే, ఆడనే నిలవడి కాలు కదపాలె. ఎవనిదన్న ఆగిందా, వంద గుంజిళ్లు."

రాజునని తెలిశాక ఇక నన్ను ఎవరాపగలరు? ఉన్న చిక్కల్లా ఒకటే. సాధన అయిదు నుంచి ఆరున్నర. ట్యూషన్ ఆరింటికి. మామూలు మనిషైతే రెండింట్లో ఒకటి మానేస్తాడు. నేను మామూలు మనిషిని కాదు కదా, రెండూ సగం సగం చేశాను.

"ఆరు కొట్టంగనే నువ్వు ఉరుకు. నేను నీ డ్రమ్ము తీస్కొని ఆఖరుదాక కొడ్త. హవల్దార్‌కు నేను జెప్త తియ్. ఫికర్ చెయ్యకు" అన్నాడు యాదగిరి.

"మరి ఆ మిగతా అరగంటలో ఏం నేర్పుతారో?"

"ఏముంటది? గదే ధన్ ధన్."

అలా నెలన్నర గడిచింది. ఆరింటికి ఫ్యాక్టరీ కూత వినబడగానే డ్రమ్ము యాదగిరి మెడలో వేసి, సంచి పట్టుకుని, బొంబాయి రోడ్డు మీద పరుగు. ఎడమ చేతి సందు, మూడో ఇల్లు, రెండు మెట్లు, "లోపలికి రావచ్చా సార్?" పది నిమిషాలు ఆలస్యం. మాస్టారు ఆ పది నిమిషాల్లోనే కొత్త లెక్క మొదలుపెట్టేవారు. దాంతో నాకు లెక్కల్లో 'కాబట్టి' నుంచి తెలుసుగాని దానికి ముందు ఏం జరిగిందో తెలియదు. బ్యాండులోనేమో మొదలంతా తెలుసు, చివర తెలియదు. రెండూ కలిపితే ఒక పూర్తి మనిషికి సరిపడా జ్ఞానం నాకుందని లోపల ఒక గర్వం.

బ్యాండు సంగతి తెలిసినవాళ్లకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. హవల్దార్ ఆగమని అరిస్తే డ్రమ్ముల మోతలో ఎవరికి వినబడుతుంది? అందుకని ఆయన కర్ర నిలువుగా పైకెత్తుతాడు. అప్పుడు పెద్ద డ్రమ్ము వెంటవెంటనే జంటగా రెండు దెబ్బలు కొడుతుంది. ఆ రెండు దెబ్బలు వినగానే అందరి చేతులూ, కాళ్లూ ఒక్కసారి ఆగిపోవాలి, అవి పడేదాకా ఆగకూడదు. ఆరుదాకా ఆపకుండా నడిపించి, ఇదంతా రోజూ ఆరు తర్వాతే చేయించేవాడు. నేను అప్పటికి మాస్టారి ఇంట్లో 'కాబట్టి' దగ్గర ఉండేవాణ్ని. యాదగిరికి ఆ దెబ్బలు అలవాటైపోయి, నాకు చెప్పాలన్న సంగతే తట్టలేదు. వాడు చెప్పే ఉంటాడని హవల్దార్ అనుకున్నాడు.

పోటీ శనివారం పడింది. నాలుగింటికి మా వంతు అన్నారు. అయిదుకల్లా ముగించుకుని, నెత్తిమీది టోపీ, నడుముకున్న ఎర్ర పట్టీ సంచిలో దాచేసి, బుద్ధిమంతుడిలా ట్యూషన్‌కి వెళ్లాలని నా పథకం. కానీ ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఎందుకు ఆలస్యమైందో అరగంట చెప్పారు. మేము మైదానంలోకి అడుగుపెట్టేసరికి ఆరుకు అయిదు నిమిషాలు. మా తర్వాత ఇక బాలానగర్ బ్యాండు ఒక్కటే మిగిలింది.

"పోరగాళ్లూ, షీల్డు మనదే" అని హవల్దార్ తన మీసం ఒకసారి తుడుచుకున్నాడు. ఫౌజు వదిలాక ఆయన తయారుచేసిన మొదటి బ్యాండు మాది.

ఎంత బాగా వాయించామో చెబితే మీరు నమ్మరు. జనం ఈలలు వేశారు. స్టాప్‌వాచీ పట్టుకున్న న్యాయనిర్ణేత కాలు కూడా మాతోపాటు ఆడింది. వేదిక దాటి పది అడుగులు వేశాక మేం ఆగాలి. ఆ తర్వాత ఉన్నది స్కూలు గేటు. హవల్దార్ కర్ర నిలువుగా పైకి లేచింది. దాని కొస నాకు కనబడింది. అహా, ఇంకా గట్టిగా కొట్టమంటున్నాడు కాబోలు అనుకుని ఇంకా గట్టిగా కొట్టాను.

కర్ర ఇంకా పైకి లేచింది. నేను ప్రాణం పెట్టి కొట్టాను.

రాజు మోగుతున్నాడు, ప్రజలు ఆగకూడదు. బ్యాండు మొత్తం వేదిక దాటింది, గేటు దాటింది, రోడ్డెక్కింది. వెనకనుంచి యాదగిరి అరుస్తూనే ఉన్నాడట. నా చెవుల్లో నా డ్రమ్ము తప్ప ఏదీ లేదు. స్టాప్‌వాచీ పెద్దమనిషి సైకిలెక్కి, "సమయం అయిపోయింది! అయిపోయింది!" అంటూ కొంతదూరం వచ్చాడట. హవల్దార్ నా ముందు వెనక్కి నడుస్తూ కర్ర ఊపుతున్నాడు. కర్ర కొస ఒక్కటే కనబడే నాకేమో ఆయన ఆనందం పట్టలేక ఊపుతున్నట్టుంది.

అప్పుడే ఫ్యాక్టరీ కూత కూసింది.

నిజం చెబుతున్నాను, ఆ తర్వాత జరిగినదానికి నా బాధ్యత లేదు. కాళ్లదే తప్పు. నెలన్నరగా ఆ కూత వినగానే అవి ఒకే దారి పట్టాయి. ఆ రోజూ అదే దారి పట్టాయి. బొంబాయి రోడ్డు మీద బస్సు ఆగింది. కండక్టరు దిగి దండం పెట్టాడు. "ఎవరి పెండ్లమ్మా?" అని ఒకావిడ అడిగిందట. "తెల్వదక్కా, పిలగాడు ఇంక రాలే" అని ఇంకొకావిడ చెప్పి మాతో నడిచిందట. మైదానంలోని జనమంతా మా వెనకే వచ్చేశారు. బాలానగర్ బ్యాండు ముగ్గురు న్యాయనిర్ణేతల ముందు, ఖాళీ కుర్చీల ముందు వాయించి షీల్డు పట్టుకుపోయిందని తర్వాత తెలిసింది.

ఎడమ చేతి సందు. మూడో ఇల్లు.

ఆ ఇంట్లో ఆ సమయానికి ఏం జరుగుతున్నదో మాస్టారు నాకు తర్వాత చెప్పారు. మా నాన్న సగంపూట సెలవు పెట్టి నా చదువు సంగతి కనుక్కోవడానికి వచ్చి కూర్చున్నారు.

"మీవాడి శ్రద్ధ గురించి నేను వేరే చెప్పాలాండీ! రోజూ చెమటలు కక్కుకుంటూ వస్తాడు. చదువుకోసం అలా పరుగెత్తే పిల్లాణ్ని నేను చూడలేదు" అన్నారట మాస్టారు. నాన్న కళ్లు తుడుచుకున్నారట. "ఏదో ఊరేగింపులా ఉందండీ" అన్నారట ఆ వెంటనే.

నేను రెండు మెట్లెక్కాను. తలుపు తోయాలి కాబట్టి కొట్టడం ఆపాను. డ్రమ్ము గుమ్మంలో ఇరుక్కుంది. అలవాటు కొద్దీ నోరు దానంతటదే పలికింది.

"లోపలికి రావచ్చా సార్?"

నాన్నకు కనబడింది గుమ్మం నిండా ఒక డ్రమ్ము. దాని కింద రెండు కాళ్లు. అది తన కొడుకు గొంతుతో అనుమతి అడుగుతోంది. నాన్న కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నారు.

జంట దెబ్బలు పడలేదు కదా, సందులో పదిహేనుమంది నిలబడ్డచోటే ఇంకా కాళ్లు కదుపుతున్నారు. యాదగిరి జనాన్ని తోసుకుని వచ్చి నా చేతిలోని కర్ర లాక్కుని ధన్ ధన్‌మని రెండు దెబ్బలు వేశాడు. అన్ని కాళ్లూ ఒక్కసారి ఆగిపోయాయి.

"ఓహో, ఇలాగా?" అన్నాను.

ఆ మాటకు హవల్దార్ మెట్ల మీద కూలబడ్డాడు. "ఇరవై ఏండ్లు ఫౌజుల జేసిన. దుష్మన్ మీదికి గూడ గింత దూరం నడువలే సార్" అన్నాడు నాన్నతో. నాకు ఆయన ముఖం చూసి ఏడుపొచ్చింది. యాదగిరి డ్రమ్మును గుమ్మంలోంచి లాగేశాక, షీల్డు పోయినందుకు ఆయన, బాపట్ల ఖాయమైనందుకు నేను, ఇద్దరం ఒకే మెట్టు మీద కూర్చున్నాం.

నాన్న మెల్లగా లేచి గుమ్మం దాకా వచ్చారు. చివరికి హవల్దార్‌ని అడిగారు. "మీ దగ్గరికి మావాడు రోజూ వచ్చాడాండీ?"

"ఒక్కనాడు గూడ నాగా లేదు సార్. గని ఆరు కొట్టంగనే ఉరుకుతడు."

"మాస్టారూ, మీ దగ్గరికి?"

"ఒక్కరోజు మానలేదండీ. కాకపోతే పది నిమిషాలు ఆలస్యం."

నాన్న డ్రమ్మును చూశారు. నన్ను చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. కోపమే అనుకుని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన గోడ పట్టుకుని నవ్వుతున్నారు.

"నాన్నా, బాపట్ల..." అన్నాను.

"బాపట్ల వద్దురా నాయనా! నువ్వు రైలెక్కితే అక్కడెక్కడ ఆగుతావు? మద్రాసు దాకా పోతావు."

సందంతా నవ్వింది. హవల్దార్ కూడా మీసం కింద నవ్వాడు. ఆదివారాలు మాత్రం సాధనకు వెళ్లవచ్చని నాన్న, మిగతా రోజులు ఆరింటికల్లా ఇక్కడ కూర్చోవాలని మాస్టారు, ముందుగా వెయ్యిసార్లు ఆ రెండు దెబ్బలే కొట్టాలని హవల్దార్ అక్కడికక్కడే తీర్పు చెప్పారు.

నేను కూడా ఆ మెట్ల మీదే నిలబడి, డ్రమ్ము మీద చెయ్యి వేసి, సకల జనుల సాక్షిగా ఒక భీషణ ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో దేన్నయినా చివర తెలుసుకోకుండా మొదలుపెట్టను గాక పెట్టను! ఆ ప్రమాణాన్ని ఎంత నిష్ఠగా పాటించానంటే, పదో తరగతి లెక్కల పరీక్షకు పుస్తకం వెనక ఉన్న జవాబులన్నీ ముందుగా బట్టీపట్టి వెళ్లాను. లెక్కలు ఎలా చేయాలో ఒక్కటీ తెలియదు. ముప్పై ఆరు వచ్చాయి.