బావగారి బండి చల్లారేదాకా

రేసు కారు ఇంజను నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు పరుగు మీదున్నప్పుడు ఎర్రగా కాలతాయి. ఆ సెగ బానెట్ కింద వైర్లనీ, పెట్రోలు పైపునీ, చివరికి ఇంజను పీల్చే గాలినీ కూడా వదలదు. ఆ గొట్టాలకు గాజునార పట్టీలు చుట్టి, మధ్యలో అడ్డురేకులు బిగించి సెగను అదుపులో పెట్టడం పట్టీలక్క పని. దెబ్బ తగిలిన కాలికి కట్టు కట్టినంత ఓపిగ్గా చుడుతుందని వీధి పెట్టిన పేరది. ఓపిక పనిలోనే. మనసులో మాత్రం ఆరేళ్ళుగా ఒకే ఒక మనిషి మీద పళ్ళు నూరుతోంది.

ఆయన ఆవిడ బావగారు, భర్తకు సొంత అన్న. గారు తగిలించడం వరసకే తప్ప అర్హతకి కాదు. అప్పట్లో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే వర్క్‌షాపు. పని తమ్ముడిది, పెత్తనం అన్నది. ఒక కస్టమరు కారుకి తమ్ముడు పట్టీలు చుట్టి, గొట్టాలకూ పెట్రోలు పైపుకూ మధ్య రేకు బిగించాడు. మర్నాడు కార్ల ప్రదర్శన. రేకు అడ్డుంటే ఇంజను తళతళలు కనపడవని అన్న దాన్ని విప్పేశాడు, తిరిగి బిగించడం మరిచిపోయాడు. కారు నడిరోడ్డు మీద తగలబడింది. నడిపేవాడు దూకి ప్రాణాలు దక్కించుకున్నాడు. "మా తమ్ముడే రేకు మరిచాడండీ," అని అన్నగారు చేతులు దులుపుకున్నాడు.

తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషి, తల వంచుకున్నాడు. భార్య నిజం చెబితే మొగుణ్ణి వెనకేసుకొస్తోందన్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఏ షాపూ అతన్ని గడప తొక్కనివ్వలేదు. స్పానరు పట్టుకుంటే చేతులు వణికేవి. దాంతో గోడ వైపు తిరిగి సీటు కవర్లు కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఊరుకునే రకం కాదు. అతను నోటితో చెబుతుంటే తను చేత్తో నేర్చుకుంది. పట్టీని నీళ్ళలో నానబెట్టాలి, ఒక చుట్టు మీదికి ఇంకో చుట్టు ఎక్కాలి, మొదటిసారి ఇంజను వేడెక్కి ఆవిరి లేస్తే కంగారు పడకూడదు. సొంతంగా షట్టరు తెరిచింది. రేసులవాళ్ళు వరస కట్టారు. అయినా వెనక మాత్రం "తగలబెట్టినవాడి పెళ్ళాం" అనడం మానలేదు. ఆ మచ్చ వేసినవాడి చేతే తుడిపించాలి, తుడిపించి ఉత్త చేతులతో పంపాలి. ఆవిడకి కావలసింది అదే.

ఒక శుక్రవారం పొద్దున పదింటికి బావగారే బండి నడుపుకుంటూ వచ్చాడు. ఆదివారం పందెం. కొత్త బండి మూడు చుట్లు తిరిగేసరికి నీరసపడుతోంది, వైర్లు కరుగుతున్నాయి, ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేశారు. షాపులో అప్పటికే ఆరుగురు డ్రైవర్లున్నారు. పట్టీలక్కకి ప్రాణం లేచొచ్చింది.

"రండి బావగారూ, కూర్చోండి. ఇంజను చల్లారితే గానీ చెయ్యి పెట్టలేను," అంటూ స్టూలు తెచ్చి సరిగ్గా అందరి మధ్యా వేసింది. "ఈలోగా ఒక్క మాట. ఆ రోజు రేకు ఎవరు తీశారండీ?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా? జరిగిందేదో జరిగిపోయింది."

"మీకు జరిగిపోయింది. మాకు రోజూ జరుగుతూనే ఉంది."

బావగారు వాచీ చూసుకున్నాడు. డ్రైవర్లు ఫోన్లు చూడడం మానేశారు. ఆవిడ బకెట్లో పట్టీ ముంచింది, తీసింది, మళ్ళీ ముంచింది. తొందర ఆవిడకేం లేదు, పందెం ఆయనది. అరగంట గడిచింది.

"నేనే," అన్నాడు చివరికి, బూట్లకేసి చూస్తూ.

"వెనకున్నవాళ్ళకి వినపడలేదండీ."

"నేనే తీశాను! మళ్ళీ బిగించడం మరిచింది కూడా నేనే. వాడి తప్పేం లేదు. చాలా?"

ఆ "చాలా"కి ఆవిడకి ఒళ్ళు మండింది. ఆరేళ్ళు మింగేసి చాలా అంటాడా? 'మీ బండి ముట్టుకోను, తీసుకెళ్ళండి' అన్న మాట రోజూ మనసులో అనుకుని అనుకుని నాలిక చివర సిద్ధంగా ఉంది. నోరు తెరిచింది.

అంతలో లోపల కుట్టుమిషను ఆగింది. భర్త లేచి వచ్చాడు. ఈ మెతక మనిషి అన్నని చూసి కరిగిపోయి, తన పంతమంతా నీరుగార్చేస్తాడనుకుంది.

అతను టార్చి వేసి బానెట్ కిందికి వంగాడు. గొట్టాలనీ, పైపునీ, వాటి మధ్య సందునీ చూశాడు. చేతులు వణకలేదు.

"పెట్రోలు పైపుకి రెండు వేళ్ళ దూరం కూడా లేదన్నయ్యా. దీన్ని నడపకు, తగలబడుతుంది."

"అందుకేగా వచ్చాను. నువ్వే చెయ్యరా, నీ అంత పనివాడు ఈ ఊళ్ళో లేడు."

"తెలుసు." తమ్ముడు బానెట్ దించి రెండు చేతులతో నొక్కి మూశాడు. "అయినా చెయ్యను. లారీలో ఎక్కించుకుని తీసుకుపో."

ఆరేళ్ళు దాచుకున్న మాటని మొగుడు తన్నుకుపోయాడని పట్టీలక్కకి ఒక్క క్షణం ఉక్రోషం వచ్చింది. తర్వాత బావగారి మొహం చూసింది. ఆ మాట తను అని ఉంటే, ఆ మొహం అంతగా మాడేది కాదు.