బుచ్చయ్యగారి బూట్లు

భీమడోలు దగ్గర పల్లెలో మాజీ సైనికుడు బుచ్చయ్యగారు వరిచేను గట్టు మీద కూడా బూట్లతోనే నడుస్తారు. "ఏవండీ మిలిటరీగారూ, బురదలోనూ పెరేడేనాండీ?" అని పక్కచేను తాతారావు ఆటపట్టిస్తే, నవ్వేసి తడిసిన లేసు మళ్లీ బిగించుకుంటారు. సియాచిన్ మంచు ఆయన కుడికాలి వేళ్లు రెండింటిని తినేసింది. అక్కడ పనిచేసినట్టు మాత్రం రికార్డులోకి ఎక్కలేదు. అందుకే పతకమూ రాలేదు. అది దిద్దించడానికి ఏళ్లుగా ఏలూరులోని సైనిక సంక్షేమ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. "ఆ కాలు చూపించెయ్యకూడదుటండీ?" అంటుంది భార్య వెంకటనరసమ్మ. "రికార్డులో లేకుండా చూపిస్తే, ఏ ట్రాక్టరు కిందో పెట్టాడనుకుంటారే," అంటారాయన.

మొన్న దిద్దిన రికార్డు, దాంతోపాటు పతకం పోస్టులో వచ్చాయి. వెంకటనరసమ్మ పతకాన్ని దేవుడి దగ్గర పెట్టి వచ్చేసరికి ఆయన ఇంట్లో లేరు. బూట్లు మాత్రం గుమ్మంలో ఉన్నాయి.

చేను గట్టు మీద ఆ పాదం చూసి తాతారావు చేతిలో పార పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. "జారుతుందండీ, నా చెయ్యి పట్టుకోండి," అన్నాడు.

"ఫరవాలేదోయ్, ఇది మన బురదేగా," అంటూ బుచ్చయ్యగారు మెల్లగా చేలోకి దిగారు.