భైరహవా బజారులో నాయనమ్మ

నందిగామలో మా వీధి చివర కొత్తగా అపార్టుమెంటు లేస్తోంది. పనికొచ్చిన ఉత్తరాది కుర్రాళ్ళు సాయంత్రమయ్యేసరికి రేకుల షెడ్డు ముందు పొయ్యి వెలిగించి, మూకుడులో ఆవనూనె పొగలొచ్చేదాకా కాచి, బంగాళాదుంప ముక్కలు వేస్తారు. ఆ ఘాటుకి ఇరుగుపొరుగు కిటికీలు మూసుకుంటారు. ఇన్నేళ్ళయినా అది నాకు వంట వాసన కాదు, భయం వాసన.

తొంభైల చివర, నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళం. నాయనమ్మ కాశీ, నేపాల్ యాత్ర బస్సులో సీటు మాట్లాడుకుంది. తోడు నేను. మా ఇంట్లో పుస్తకాలు కొనే అలవాటు లేదు. బడి వదలగానే శాఖా గ్రంథాలయానికి పోయి, అట్టలూడిన భూగోళం పుస్తకాలు, చెదలు కొరికిన పటాలు ముందేసుకుని, పొరుగు దేశాల నదులూ కొండలూ భాషలూ నోటుబుక్కులోకి ఎక్కించుకునేదాన్ని. నాకు తెలిసినంత మా వీధిలో ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందుంటుందని బస్సులో అందరికీ చాటింది నేనే.

"ఏందే పంతులమ్మా, అట్లయితే వాళ్ళు మనకంటే ముందే ముసలోళ్ళయితరా?" అంది వెనక సీటులోని సత్తెమ్మత్త. ఆవిడది కోదాడ. బస్సంతా నవ్వింది.

"దాని జోలికి పోకే సత్తెమ్మా, తెలిసింది చెప్తోంది పిల్ల," అని నాయనమ్మ మురిసిపోయింది.

బస్సు టాపు మీద బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, గాలి కొట్టి వెలిగించే కిరసనాయిలు స్టవ్వులు ఉండేవి. ఎక్కడ నీళ్ళూ నీడా కనబడితే అక్కడ వంట మేస్త్రి దిగి పప్పుచారు కాచేవాడు. నాగపూర్ దాటాక బోర్డుల మీద తెలుగు ముక్క కనపడలేదు. గోరఖ్‌పూర్‌లో గుత్తులుగా అమ్మే లిచీ పండ్లు మొదటిసారి తిన్నాం. గుజ్జు తాటిముంజెలా ఉందని ఒకరు, కాదు సీమచింతకాయలా ఉందని ఒకరు వాదించుకుంటూ వేళ్ళు నాకారు.

యాత్ర నడిపే వెంకట్రావు గారికి ఒక పద్ధతి ఉండేది. బస్సు కదిలే ముందు సీటు నంబర్లు చదివేవారు. ఎవరికి వారు కాదు, పక్క సీటువాళ్ళు జవాబు చెప్పాలి. పెద్దవాళ్ళు కునికిపాట్లు పడతారు, చెవులు వినపడవు, అందుకని. పన్నెండో నంబరు నాయనమ్మ తరఫున నేను "ఉంది" అనేదాన్ని.

సరిహద్దు దాటగానే నేపాల్ ఊరు భైరహవాలో పర్మిట్టు కాగితాల కోసం బస్సాపారు. ఒకటే బజారు, ఎన్నో రకాల మనుషులు. పాపిట చివరిదాకా సిందూరం దిద్దిన ఆడవాళ్ళు, పచ్చ పూసలు మెడనిండా వేసుకున్న కొండ స్త్రీలు, రంగు టోపీల ముసలివాళ్ళు, గాజుల కొట్లలో సాయిబులు, గుడి గంట మోగుతుండగానే మసీదు మైకులో పిలుపు, అన్నిటి మీదా సమోసాలు వేగుతున్న ఆవనూనె వాసన. నాయనమ్మ కాళ్ళు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్ళింది. నేను నోటుబుక్కు తెరిచి, మేం దాటిన గీతని పటంలో ఎర్ర పెన్సిలుతో దిద్దుతున్నాను.

"పన్నెండు?" అన్నారు వెంకట్రావు గారు.

"ఉంది," అన్నాను, తలెత్తకుండానే. వెనక సత్తెమ్మత్త ఎవరితోనో నవ్వుతోంది. కబుర్లకి రోజూ ఆవిడ పక్కకి వెళ్ళి కూర్చునే నాయనమ్మ అక్కడే ఉంటుందనుకున్నాను.

చాలాసేపటికి ఎదురుగా కొండలు నీలంగా లేచాయి. చూపిద్దామని వెనక్కి తిరిగాను. సత్తెమ్మత్త నిద్రపోతోంది. ఆవిడ పక్కన మా నాయనమ్మ లేదు. బస్సులో ఎక్కడా లేదు.

అప్పుడే అరవాల్సింది. అరవలేదు. ఇందాక ఉందన్నావుగా అంటారు. ఇంకొక్క నిమిషం చూద్దాం, సీటు కింద నడుం వాల్చిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. హిందీ అంకెలున్న కిలోమీటరు రాళ్ళని చదువుతూ పోయాను. ఒక్కో రాయీ నాయనమ్మని ఇంకాస్త వెనక్కి నెట్టేస్తోందని తెలుసు. తెలిసీ చదివాను. పది నిమిషాలు అయివుంటుంది.

మేస్త్రి మరమరాలు పంచుతూ వచ్చాడు. "మామ్మగారేరి పాపా?"

వెనక సీటు వైపు వేలు చూపించాను.

"ముసలామె నా కాడ లేదే!" అని సత్తెమ్మత్త లేచి కూర్చుంది.

"ఉందన్నావు కదమ్మా!" వెంకట్రావు గారి గొంతు పగిలింది. డ్రైవరు వెంటనే బస్సు తిప్పాడు.

తిరుగుదారిలో ఎవరూ తిట్టలేదు. అదే భయంగా ఉంది. అప్పుడు చీటీ గుర్తొచ్చింది. తప్పిపోతే చూపించమని నాయనమ్మ పేరు, ఇంటి నంబరు, జగ్గయ్యపేట, కృష్ణా జిల్లా అని గుండ్రని అక్షరాలతో రాసి ఆవిడ బొడ్డు సంచిలో పెట్టింది నేనే. అంతా తెలుగులో రాశాను. నేపాల్‌లో ఎన్ని భాషలున్నాయో బస్సంతటికీ పాఠం చెప్పిన నేను, నాయనమ్మకి తెలుగు చీటీ ఇచ్చి పంపాను.

బోరింగు దగ్గర ఎవరూ లేరు. మా బస్సాగిన చోట ఉల్లిపాయల లారీ ఉంది. వెంకట్రావు గారు "మామ్మగారూ!" అని అరుస్తూ బజారంతా పరుగెత్తారు. వెనకాల నేనూ పరుగెత్తాను. సమోసాల కొట్టు పరదా కింద, గోనెపట్టా మీద నాయనమ్మ కనపడింది. చేతులనిండా పచ్చబొట్లున్న లావుపాటి ఆడమనిషి ఒకామె అట్టముక్కతో విసురుతోంది. నా చీటీ ఎన్ని చేతులు మారిందో, నూనె మరకలతో మెత్తబడి నేల మీద ఉంది. నాయనమ్మ నన్ను చూసింది గానీ లేవలేదు. ఆ ఆడమనిషి మణికట్టుని పట్టుకుని ఉంది. మేమొచ్చాక కూడా ఆ పట్టు వదలడానికి చాలాసేపు పట్టింది.

బస్సెక్కాక వెంకట్రావు గారు నా వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచేలోపే నాయనమ్మ అంది: "నేనెక్కి కూర్చున్నా నాయనా. పిల్ల చూసే చెప్పింది. చెంబు మర్చిపోయానని మళ్ళీ దిగా. నా బుద్ధి గడ్డి తిన్నది."

చెంబు నా కాళ్ళ దగ్గరే ఉంది. నాయనమ్మ దాన్ని మడమతో సీటు కిందకి తోసేసింది.

ఖాట్మండులో ఏం చూశానో నాకు గుర్తులేదు. నిద్రలో కూడా ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుని ఉన్నాను.

ఆ బస్సులు ఇప్పుడు తగ్గిపోయాయి. స్టవ్వుకి గాలి కొట్టే మేస్త్రులూ లేరు. తప్పిపోయే వీల్లేకుండా అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. నేను డిగ్రీ చదివే రోజుల్లో నాయనమ్మ పోయింది. భైరహవా చుట్టూ ఉన్న ఆ మైదానం గురించి దొరికినంతా చదివాను. అక్కడి ఆడవాళ్ళు భోజ్‌పురీ మాట్లాడతారు, అవధీ మాట్లాడతారు, థారూ మాట్లాడతారు. ఏ జాతివాళ్ళు పచ్చబొట్లు ఎలా పొడిపించుకుంటారో కూడా చెప్పగలను. కానీ అట్టముక్కతో విసిరిన ఆమె ఏ భాషలో మాట్లాడి మా నాయనమ్మని కూర్చోబెట్టిందో, నాయనమ్మ తెలుగులో ఏం చెప్పుకుని ఏడ్చిందో, అసలు ఏడ్చిందో లేదో నాకు తెలియదు. అది ఏ పుస్తకంలోనూ లేదు. తెలిసిన మనిషి నాయనమ్మ ఒక్కతే. అడగాలంటే ముందు ఆ పది నిమిషాల సంగతి నేను చెప్పాలి. ఎనిమిదేళ్ళు నా పక్క మంచం మీదే పడుకుంది. నేను అడగలేదు.