బాగుపడని తలుపు

మా బావకు ఒక్కటే పిచ్చి. తలుపు ఒకసారి తెరుచుకుంటే ఒక్క మనిషే దాటాలి. వెనకాలే రెండో మనిషి దూరితే అది ఆయన దృష్టిలో దొంగతనం. మా ఆఫీసులో తలుపులన్నీ ఒక కంప్యూటర్‌కు కట్టేసి ఉంటాయి. ఆ కంప్యూటర్‌కు మా అక్క మొగుణ్ణి కట్టేశారు. ఎవరి కార్డుకు ఏ తలుపు తెరుచుకోవాలో నిర్ణయించేది ఆయనే. అదే ఆఫీసులో పనిచేయడం నా ఖర్మ.

ఒకరోజు ఒక చేతిలో నా క్యారియరు, రెండో చేతిలో ఆయన క్యారియరు పట్టుకుని వెనకాలే వెళ్లాను. ఆయన లోపలికి వెళ్లి, సరిగ్గా నా ముక్కు మీద తలుపు వేసేశాడు. కార్డు పెట్టమని అద్దంలోంచి సైగ చేశాడు. కార్డేమో చొక్కా జేబులో ఉంది. చేసేదిలేక గోడకున్న కార్డు చదివే పెట్టెకు ఛాతీ ఆనించి రుద్దాను. చూసినవాళ్లు నేను గోడను కౌగిలించుకుంటున్నాననుకున్నారు. మోస్తున్నది ఆయన కూడే కదా, ఆ మాత్రం ఇంగితం ఉండొద్దా మనిషికి?

ఇంట్లోనూ ఇదే తంతు. సినిమా నుంచి వచ్చి, తాను లోపలికి వెళ్లి, వెనకున్న అక్క మొహాన తలుపేసి గడియ పెట్టాడు. అడిగితే అలవాటులో పొరపాటట.

మేనేజరుగారు ఒకసారి అతిథుల కోసం మర్యాదగా తలుపు పట్టుకుని నిలబడ్డారు. మా బావ మెట్లు దిగి పరుగున వచ్చి, అందరినీ బయటకు పంపి, తలా ఒక కార్డు చేతికిచ్చి ఒక్కొక్కరినే రానిచ్చాడు. వాళ్లు మాకు పని ఇవ్వడానికి వచ్చినవాళ్లు. మేనేజరు పళ్లు నూరుకున్నారు. అయినా మా బావది ఒకటే మాట. "నా తలుపుల్లో తప్పుండదు. ఉంటే మీలో ఉంటుంది."

అంతటి మహానుభావుడి తలుపు ఒకటి చెడింది. అది పై అంతస్తులో పాత ఫైళ్ల గది. భోజనాలయ్యాక అక్కడి సోఫాలో నడుం వాల్చడం మా జన్మహక్కు. ఉన్నట్టుండి నా కార్డుకు ఎర్ర లైటు వచ్చింది. అందరికీ ఎర్ర లైటే, మేనేజరుకు కూడా. అడిగితే, ఏదో తేడా వచ్చింది, చూస్తున్నానంటాడు. వారాలు గడిచినా చూస్తూనే ఉన్నాడు. ఆఫీసంతా నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి మేనేజరు తేల్చి చెప్పేశారు. సోమవారం బయటి మెకానిక్ వస్తాడు, అతను బాగుచేస్తే తలుపుల పని ఇక అతనిదే, మా బావ ఇంటికి వెళ్లొచ్చు.

ఒళ్లు మండి, ఆ తలుపు సంగతేదో నేనే తేల్చుదామని పైకి వెళ్లాను. నేను చేరేలోపే అది లోపలినుంచి తెరుచుకుంది. ఈమధ్యే పురుడు పోసుకుని మళ్లీ పనిలో చేరిన లెక్కల సెక్షన్ అమ్మాయి బయటికి వచ్చింది. చేతిసంచిలో పాలసీసా. నన్ను చూసి బిక్కచచ్చిపోయింది.

"ఎవరికీ చెప్పకండి అన్నయ్యా. పాపకు పాలు పిండి తీసుకెళ్తున్నా. గది అడిగితే మేనేజరుగారు, ఇది ఆఫీసా పురిటిగదా అన్నారు. బాత్రూంలో నిలబడి పిండలేక ఉద్యోగం మానేద్దామనుకున్నా. మీ బావగారు అది విని, ఈ తలుపు నా కార్డుకు తప్ప తెరుచుకోకుండా చేశారు."

తిన్నగా బావ దగ్గరికి వెళ్లి, ఉద్యోగం పోయేలా ఉంటే నిజం చెప్పవేమని నిలదీశాను.

"చెబితే, ఆ అమ్మాయి ఎప్పుడు లోపలికెళ్తుందా అని ప్రతివాడూ చూస్తూ కూర్చుంటాడు. చెడిపోయిన తలుపు వైపు ఎవడూ చూడడు" అన్నాడు.

సోమవారం మెకానిక్ వచ్చి బావ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ తలుపుకు ఒక్క కార్డే పనిచేస్తోందని క్షణంలో కనిపెట్టాడు. బావ అతని చెవిలో ఏదో చెప్పాడు. మెకానిక్ కాసేపు గడ్డం గోక్కుని, ఇది బాగుపడదనీ, గోడ పగలగొట్టి తలుపు మొత్తం మార్చాలనీ మేనేజరుతో అన్నాడు. మా మేనేజరు పిల్లికి బిచ్చం పెట్టని రకం. అయితే అలాగే పడుండనీ అని వెళ్లిపోయారు.

సాయంత్రం ఇంటికొచ్చి అక్కకు అంతా చెప్పాను. అక్క మురిసిపోయి బావకు కొసరి కొసరి వడ్డించింది. ఆయన ముద్ద ముట్టుకుంటే ఒట్టు. మొహం కందగడ్డలా ఉంది.

"గండం గడిచింది కదా బావా, ఇంకా ఏమైంది?" అన్నాను.

"బాగుపడదంటాడా వాడు? గోడ పగలగొట్టాలట." బావ కంచం ముందునుంచి లేచాడు. "అబద్ధం చెప్పమన్నాను గానీ, నా తలుపును తిట్టమన్నానా?"