కట్ట మీద కొండ రైలు

పెంచల్ కుదురుగా కూర్చుని అన్నం తినగా ఉషారాణి ఎప్పుడూ చూడలేదు. ఒక కాలు పీట దగ్గరుంటే ఇంకో కాలు గడప వైపు ఉంటుంది. పెళ్లైన కొత్తలో ఎవరో పిలుస్తున్నారేమోనని ఆమె కూడా గడప వైపు చూసేది. పిలిచేవాళ్లెవరూ లేరని, ఆ మనిషి తత్వమే అంతని తర్వాత తెలిసింది. కోట అనే ఊళ్లో రైసుమిల్లు ఫిట్టరుగా చేరాడు, మానేశాడు. కృష్ణపట్నం పోర్టులో క్రేన్ల దగ్గర చేశాడు, అదీ మానేశాడు. ఆ పక్కనే కరెంటు ప్లాంటులో బాయిలర్ల పని దొరికినప్పుడు హమ్మయ్య అనుకుంది. ఒక మధ్యాహ్నం క్యారియర్ మూతైనా తీయకుండా ఇంటికొచ్చి, "ఆడ నాకు ఊపిరాడటం లేదు మే" అన్నాడు. కాళ్లకు బలపం కట్టుకుని తిరిగే మొగుడి వెంట ఆమె ట్రంకుపెట్టె కూడా ఊరూరా తిరిగింది. పెట్టెకు అడుగున తుప్పు పట్టింది గానీ ఆయన కాళ్లకు అలుపు రాలేదు.

రొయ్యల గుంటల్లో మోటార్లు బాగుచేసే పని మీద తోటపల్లి గూడూరు వచ్చినప్పుడు, ఇదీ మూన్నాళ్ల ముచ్చటే అనుకుంది. ఊరికే కూర్చోలేక గుంటల మీద పనిచేసేవాళ్లకు అన్నం వండిపెట్టడం మొదలుపెట్టింది. వరండాలో రెండు బల్లలు పడ్డాయి. తర్వాత రేకుల షెడ్డు లేచింది. బోర్డు పెట్టకపోయినా జనమే దానికి ఉషక్క మెస్సని పేరు పెట్టారు. అంతకుముందు ఏ ఊళ్లోనూ ఆమెకు పేరు లేదు, పెంచల్ పెళ్లామే. తన పేరు తనకు దొరికిన ఊరిని వదిలి మళ్లీ పెట్టె సర్దడమంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చినట్టుంది.

సరిగ్గా అప్పుడే గుజరాత్ నుంచి హరినాథ్ అనే మేస్త్రీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. పోర్టులో పెంచల్‌తో కలిసి పనిచేసినవాడు. అక్కడ ఓడల యార్డులో పని ఉందట, ఉండటానికి గది కూడా ఇస్తారట. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ పెంచల్ కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరిగేవాడు.

ఆ తిరుగుడు మధ్యలోనే ఇంకో పిచ్చి పట్టుకుంది. ఫోన్‌లో ఎక్కడో స్విట్జర్లాండ్ కొండ రైలు చూశాడు. వందేళ్ల నాటి ఆవిరి ఇంజను, పట్టాల నడుమ పళ్లున్న మూడో పట్టా, దాన్ని కరుచుకుంటూ కొండనెక్కే చక్రం. ఆ ఇంజన్ని మూరెడు పొడవున చేయాలని కూర్చున్నాడు. కూర్చున్నాడనడం అబద్ధం, నిలబడే చేశాడు. పాత ఓడ సామాన్లలో దొరికిన లావు రాగి గొట్టం బాయిలరయింది. నడిమి పట్టాకు సైకిల్ చెయిన్ పరిచాడు. నిప్పుకు చిన్న గ్యాస్ బర్నరు పెట్టాడు. ఇంజను ముందుండే బొమ్మ పెట్టెకు ఎర్రరంగు వేసి కిటికీలు కూడా కోశాడు. మన తీరంలో కొండ ఎక్కడుంది? తాటిచెట్టెక్కి చూసినా పళ్లెంలా చదునే. అందుకని మెస్సు వెనకున్న రొయ్యల గుంట కట్టే ఆ రైలుకు కొండ.

ఒకనాడు హరినాథ్ ఫోన్ పెట్టేయగానే ఉషారాణి గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది.

"ఒక్క పనన్నా చివరిదాకా చేసినావా నువ్వు? ఈ బండి ఆ కట్ట ఎక్కనీ. ఎక్కిన రోజు నేనే పెట్టె సర్దతా, నువ్వు యాడికంటే ఆడికి వస్తా. అంతదాకా నన్ను కదలమనొద్దు."

"మాటేనా?"

"మాటే."

ఆమె లెక్క ఆమెకుంది. నెల తిరక్కముందే ఇంజన్ని మూలన పడేస్తాడని, దాంతోపాటు గుజరాత్ కూడా మూలన పడుతుందని అనుకుంది. కానీ ఈసారి ఆయన వదల్లేదు. చదును నేల మీద బండి ముద్దుగా నడిచింది. అన్నానికొచ్చినవాళ్లు చేతులు కడుక్కోవడం మర్చిపోయి చూశారు. కట్ట మీదికి ఎక్కించేసరికి సగం దూరంలో బాయిలరు ముందు కొసన టంకం కరిగి, ఆవిరి బుస్సున బయటికొచ్చింది. గట్టి టంకం వేశాడు. మళ్లీ అక్కడే కరిగింది. మంట తగ్గిస్తే బండి ఎక్కలేదు, పెంచితే టంకం ఆగలేదు.

"ఏం పెంచలన్నా, నీ రైలుకి సిగ్నల్ ఇయ్యలేదా ఇంకా?" అని గుంట కాపలా గంగులయ్య రోజూ పప్పు కలుపుకుంటూ అడిగేవాడు. పెంచల్ నవ్వేవాడు కాదు. ఉషారాణి మాత్రం లోపల్లోపల సంతోషించేది. ఆ సంతోషం ఆమెకే నచ్చేది కాదు.

వానలు పడ్డాయి. ఒక శుక్రవారం మెస్సులో అన్నం మాడింది. ఆమె చేతి అన్నం మాడటం వింతే. గుండిగలో గరిటె పెట్టి చూస్తే ఒక పక్కంతా మాడు, రెండో పక్కంతా ముద్ద. వంగి చూసింది. తడికి పొయ్యి రాయి ఒకటి దిగబడి గుండిగ ఒరిగింది. నీళ్లన్నీ పల్లానికి చేరాయి, ఎత్తున్న పక్క నీళ్లు లేక మాడింది.

కట్ట మీద ఒరిగే బాయిలరు ఆమె కళ్లముందు మెదిలింది.

పెంచల్ ఫోన్ తీసి ఆ కొండ రైలు వీడియో పెట్టుకుంది. స్టేషన్లో ఆగి ఉన్న ఇంజను. స్టేషన్ చదునుగానే ఉంది, బాయిలరు మాత్రం మూతి కిందికి వంచుకుని ఉంది. ఈ బొమ్మ చూస్తూ పెంచల్, "తీసినోడికి ఫోను పట్టుకోవడం రాలేదు" అని తన ఫోన్‌ని ఓరగా తిప్పి, బాయిలరు సమంగా కనబడేలా పట్టుకుని కొలతలు తీసుకోవడం ఆమెకు గుర్తొచ్చింది. తీసినవాడు సరిగానే తీశాడు. కొండ ఎక్కేటప్పుడు నీళ్లు సమంగా నిలవాలని వాళ్లు బాయిలర్ని కావాలనే వంచారు. పుట్టి బుద్ధెరిగాక ఏటవాలు ఎరగని మనిషి, వంకరగా ఉన్నదల్లా తప్పేనని దాన్ని దిద్దేశాడు.

చెబితే బండి కట్ట ఎక్కుతుంది. ఎక్కితే పెట్టె సర్దాలి.

ఆమె చెప్పకుండా దాచుకుంది. ఆ రోజునుంచి చారులో ఉప్పు రెండుసార్లు పడేది, లేదా అసలు పడేది కాదు. వడ్డిస్తూ వడ్డిస్తూ వెనక షెడ్డులో సుత్తి చప్పుడు వినబడితే ఆగిపోయేది. ఇన్నాళ్లూ కుదురులేనిది ఆయనకే అనుకుంది, ఇప్పుడు తన కాలు కూడా ఒకచోట నిలవడం లేదు. నేనేం తప్పు చేశాను, నా మెస్సు నేను కాపాడుకుంటున్నాను అని తనకు తానే జవాబు చెప్పుకునేది. ఎవరూ అడగకుండానే ఇచ్చే జవాబు అది.

బాయిలరు మళ్లీ కరిగిన సాయంత్రం ఆమె టీ తీసుకుని షెడ్డులోకి వెళ్లింది. పెంచల్ నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్లూ ముడుచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా ఉన్నాడు. పక్కన ఇంజను గోనెసంచిలో ఉంది.

"పాత సామాన్లోడికి ఏసేస్తా," అన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే. నాకు ఏదీ చివరిదాకా రాదు. ఇంక గుజరాతూ వద్దు, ఏదీ వద్దు. ఈడే పడుంటా."

ఆమె కోరుకున్న మాట అదే. అన్నేళ్లూ ఆయన కాలు నిలవదని విసుక్కున్న ఉషారాణికి, నిలిచిపోయిన ఆ కాళ్లను చూసి భయం వేసింది. ఇలా కూర్చున్న మొగుణ్ని పెట్టుకుని ఏ ఊళ్లో ఉంటే ఏం లాభం అనిపించింది.

సంచిలోంచి ఇంజన్ని తీసి, టీ గ్లాసును దాని పక్కన వంచి పట్టుకుంది.

"చూడు. టీ యాడికి పోయింది? పైకొస ఎండిపోయింది గదా. నీ బాయిలరూ అంతే. అది ముందే మూతి వంచుకుని ఉండాల. ఆ వీడియో తీసినోడు సరిగానే తీసినాడు, నువ్వే ఫోను తిప్పినావు."

పెంచల్ గ్లాసు వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"అన్నం మాడిన రోజునించి."

ఆయన గోనెసంచి పక్కకు తోసి రంపం అందుకున్నాడు.

బాయిలర్ని కోసి, కట్ట ఏటవాలుకు సరిపడా వంచి అతికించాడు. ఆ ఆదివారం గంగులయ్య, గుంటల వాళ్లూ కట్ట పొడుగునా నిలబడ్డారు. ఎర్రపెట్టెను ముందుకు తోసుకుంటూ ఇంజను చెయిన్ పళ్లు పట్టుకుని ఎక్కింది. సగం దాటింది. ఉషారాణి పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. బండి పైకెక్కి నిలబడింది. అందరూ ఈలలు వేస్తుంటే ఆమె ఎవరికీ చెప్పకుండా ఇంట్లోకి వెళ్లి, మంచం కింది ట్రంకుపెట్టె లాగి, చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. మాట మాటే. ఏడుపు మాత్రం ఆగలేదు, ఆపాలని చూడలేదు కూడా.

గడప దగ్గర ఫోన్ మోగింది. పెంచల్ గొంతు వినబడింది.

"ఎక్కింది హరినాథన్నా. అయితే దిగేటప్పుడు ఆగడం లేదు, జారిపోతా ఉండాది. బ్రేకు చేయాల. లేదులే, ఎన్నాళ్లు పడతాదో చెప్పలేను. నువ్వు ఇంకొకర్ని చూసుకో."

లోపలికి వచ్చి, మొహం చూపించకుండా ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. చేతులకు మసి.

"నేను మాటిచ్చినా," అంది ఉషారాణి. "నీకోసమని ఆగొద్దు."

"నీకోసమే ఆగతా ఉండా," అన్నాడు. "బ్రేకు కూడా నిజమేలే."

అలా అంటూనే ఆయన కాలు ఒకటి గడప వైపు తిరిగి ఊగడం మొదలుపెట్టింది. ఉషారాణి ఆ కాలును చూసి, కన్నీళ్లతోనే నవ్వింది. చీరలు తీసి దండెం మీద వేసి, పెట్టెను మెస్సులోకి ఈడ్చుకెళ్లి, అడుగున గోనె పరిచి రేపటి బియ్యం అందులో పోసింది.