చంకలో చెనిక్కాయల మూట

మొన్నటి గాలివానకు ఉరవకొండలో మా వీధి కరెంటు స్తంభం ఒరిగిపోయి రెండు రోజులు ఇంట్లో దీపం లేదు. వంటగ్యాసు బండ కూడా సరిగ్గా అప్పుడే అయిపోయింది. మూడో రోజు కరెంటు రాగానే మా కోడలు పద్మ అటక మీంచి పాత పంపు స్టవ్ దించింది. చుట్టిన గోనెపట్టా విప్పగానే కిరసనాయిలు వాసన గుప్పుమంది. అందులో నూనె పోసి ఇరవై ఏళ్లు దాటింది. ఇత్తడి తొట్టి నల్లబడింది, బర్నరు చుట్టూ సాలీడు గూడు కట్టింది, వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ వాసన వెనకాలే మా శెట్టెమ్మ వచ్చి ఎదురుగా నిలబడినట్టనిపించింది, ఎడమ చంకలో చెనిక్కాయల, అంటే వేరుశనక్కాయల, మూటతో.

ఆమె అసలు పేరు సుశీలమ్మ. ఉరవకొండ బజారులో స్టవ్‌లు, లాంతర్లు, వాటి వత్తులు, పిన్నులు అమ్మే అంగడి ఆమెది. భర్త పోయాక అంగడి మూసేస్తుందని బజారంతా అనుకుంది. ఆమె మాత్రం కర్మకాండలు ముగిసిన మర్నాడే వచ్చి తాళం తీసింది. ఆ అంగడిలో నేను పద్దెనిమిదేళ్లు మేనేజరుగా పనిచేశాను. మేనేజరు అనే మాట నేను తప్ప ఇంకెవరూ వాడలేదని ఇప్పుడే చెప్పేస్తే మంచిది. అక్కడ ఉన్నదే మేమిద్దరం. ఆమె యజమాని, నేను దుమ్ము దులిపి, వత్తులు ఎక్కించి, కొన్నవాళ్లకు సరుకు కట్టి ఇచ్చేవాణ్ణి.

మా ప్రాంతంలో వాన పడేదే తక్కువ. పడిన నాడు మాత్రం గాలిని వెంటబెట్టుకొని వచ్చి, స్తంభాలు కూల్చి, వాగులూ వంకలూ పొర్లించి పోతుంది. పొలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు రెండు మూడు రోజులు ఎటూ కదలలేరు. అలాంటి రోజు కోసం ప్రతి ఇంట్లో ఒక చిన్న స్టవ్వూ ఒక దీపమూ పక్కన పెట్టుకోవాలని శెట్టెమ్మ అందరికీ చెప్పేది. అయితే ఏది కొనాలో కొనేవాళ్ల ఇష్టానికి వదిలేది కాదు. వాళ్లను వెనక గోడౌనులోకి తీసుకుపోయి, తలుపు మూసి, పాత చీర ముక్కలో కట్టిన నాలుగు కిలోల చెనిక్కాయల మూటను వాళ్ల ఎడమ చంకలో పెట్టేది. "ఇప్పుడు ముట్టించప్పా," అనేది. చీకట్లో తడుముకుంటూ, ఒంటి చేత్తో, అగ్గిపెట్టెను మోకాళ్ల మధ్య ఇరికించుకొని వెలిగించాలి. మూట జారిందంటే ఆ సరుకు ఆ ఇంటికి పోదు. ఇంకోటి చూసుకోవలసిందే.

ఒకసారి ఒక పెద్ద రైతు మూటను ఎగాదిగా చూశాడు. "ఏమమ్మా, నేను స్టవ్ కొనను వచ్చినానా, బిడ్డను సాకను వచ్చినానా?" అన్నాడు.

"మీ ఇంట్లో బిడ్డను ఎత్తుకునేది ఎవరు నాయనా?"

"మా ఇంటామె."

"వంట చేసేది?"

"ఆమెనే."

"అట్లయితే ఆయమ్మను తోలకరా పో. నీకు అమ్మి నేనేం చేసేది?"

ఆయన గొణుక్కుంటూ పోయాడు. వారానికి భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె మూట చంకనేసుకొని, చూస్తుండగానే వత్తుల స్టవ్ ముట్టించి, "నాకిదే కావాల," అని భర్త ముఖం కూడా చూడకుండా బయటికి నడిచింది.

ఆ మూట వెనక పెద్ద కథ ఉందని నేను చాలామందికి చెప్పాను. శెట్టెమ్మ కడుపున పుట్టిన మొదటి బిడ్డ ఒక గాలివాన రోజు దీపం లేక చీకట్లో చనిపోయిందనీ, ఆమె జీవితమంతా ఆ బిడ్డనే మోస్తోందనీ చెప్పేవాణ్ణి. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటే నాకు తృప్తిగా ఉండేది. అదంతా నేను అల్లిందే. ఆమె పిల్లలు ముగ్గురూ గుండ్రాళ్లలా ఉన్నారు. ఆ మూట ఎందుకని నేను ఒకసారి అడిగితే ఆమె చెప్పింది ఇంతే: "ముగ్గుర్ని సాకినానప్పా. పదేండ్లు నా ఎడమచెయ్యి యాడ ఖాళీగా ఉండింది? రెండు చేతుల్తో పొయ్యి ముట్టించే తల్లిని నువ్వు యాడన్నా చూసినావా?"

నేను చూడలేదు. అసలు ఆ వైపే చూడలేదు. అది తెలిసొచ్చిన రోజు గురించి ఇప్పుడు చెప్పాలి.

ఆమె బంధువుల పెళ్లికని తాడిపత్రికి పోయి రెండు రోజులు అంగడి నా మీద వదిలింది. మొదటి రోజే రామాంజులు వచ్చాడు. లారీ డ్రైవరు. ఊరికి రెండు మైళ్లలో, వంకకు అవతల పొలంలో ఇల్లు. భార్య లింగమ్మ, నలభై రోజుల బిడ్డ. "అన్నా, రేపు లోడు ఎత్తుకొని పోతాండా, వారం దాకా రాను. మబ్బు చూస్తే భయమైతాండాది. మంచివి చూసి ఇయ్యి," అన్నాడు. ఇవ్వవలసింది వత్తుల స్టవ్వూ ఒక లాంతరూ. అది నాకు తెలుసు. కానీ ఎదురుగా అద్దంలా మెరుస్తూ ఇత్తడి పంపు స్టవ్వూ, గాలి కొడితే వెలిగే గ్యాసులైటూ ఉన్నాయి. స్పిరిటు పోసి, వేడి చేసి, పంపు కొట్టి గ్యాసులైటు వెలిగించాను. అంగడంతా తెల్లగా అయింది. "ఇంత వెలుతురు మా పెండ్లిలో గూడా లేదన్నా," అన్నాడు రామాంజులు. ఆ మాటకు పొంగిపోయి రెండూ కట్టి ఇచ్చాను.

మూట సంగతి మరిచిపోయానని ఆ తర్వాత అందరికీ చెప్పుకున్నాను. మరిచిపోలేదు. గోడౌను మూలలో అది నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె లేకుండా కూడా అంగడి నడుస్తుందని, ఆమె చాదస్తం లేకపోతే ఇంకా బాగా నడుస్తుందని చూపించుకోవాలనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం శెట్టెమ్మ బస్సు దిగి నేరుగా అంగడికి వచ్చింది. తెల్లవారుజామున మొదలైన వాన అప్పటికీ ఆగలేదు. నేను గొప్పగా సంగతి చెప్పాను.

"ముట్టించింది ఎవరప్పా?" అంది.

"నేనే ముట్టించి చూపించినా."

"లింగమ్మ?"

"రాలేదు."

"రామాంజులు ఇంటికాడ ఉండాడా?"

"లోడుకు పోయినాడు."

ఆమె లోపలికి నడిచింది. చేతి సంచి కింద పెట్టి, ఒక వత్తుల స్టవ్వూ ఒక లాంతరూ తీసుకుంది. "నూనె క్యాను నువ్వు ఎత్తుకో," అని వానలోకి దిగింది.

ఆ ప్రయాణం గురించి మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. వంక పొంగి మెడలోతు నీళ్లు పారుతున్నాయి, నేను స్టవ్ నెత్తిన పెట్టుకొని ఈదుకుంటూ పోయాను, శెట్టెమ్మ గట్టున నిలబడి దండం పెట్టుకుంటోంది. నేను చెప్పే కథ అది. జరిగింది వేరు. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. మధ్యలో కాలి కింద ఒక రాయి కదిలితే నేను బిగుసుకుపోయి నిలబడ్డాను. ముందు పోతున్న శెట్టెమ్మ వెనక్కి తిరిగి, లాంతరును స్టవ్ ఉన్న చేతిలోకి మార్చుకొని, ఖాళీ అయిన చెయ్యి నాకు అందించింది. "ఈ నీళ్లకే నిలబడితే ఎట్లప్పా, రా," అంది. అలా ఆమె చెయ్యి పట్టుకొని దాటాను. అప్పటికే నేను ఇద్దరు బిడ్డల తండ్రిని.

ఇంటి లోపల పగలే చీకటిగా ఉంది. లింగమ్మ గోడకు ఆనుకొని బిడ్డను గుండెకు అదుముకొని కూర్చుంది. ఇల్లు కారి నేలంతా తడి. నడుమ నేనమ్మిన గ్యాసులైటు, దాని లోపల వెలిగే మ్యాంటిల్ గుడ్డ బూడిదై రాలిపోయింది. పంపు స్టవ్ దగ్గర చాప అంచు కాలి ఉంది. చుట్టూ కాలిన అగ్గిపుల్లలు. పొద్దుటి నుంచి లింగమ్మ కడుపులోకి వెచ్చటిదేదీ పోలేదు. బిడ్డ కాళ్లు చల్లగా అయిపోయి, ఏడ్చే ఓపిక కూడా లేక సన్నగా మూలుగుతోంది.

"పంపు కొట్టాలంటే బిడ్డను కింద పెట్టాలమ్మా. కింద చూస్తే తడి. ఒక చేత్తోనే కొడితే మంట ఇంతెత్తు లేచింది. నాకు చేతగాలేదు," అంది లింగమ్మ.

నేను తలుపు దగ్గరే ఉండిపోయాను. ఇప్పుడు నా పేరు వస్తుందనుకున్నాను. శెట్టెమ్మ నా వైపు చూడను కూడా లేదు. "నీకు చేతగాక కాదు తల్లీ. దీపం మంచిది కాదు. మార్చి ఇచ్చేదానికే వచ్చినాము," అంది. బిడ్డను ఎడమ చంకలోనే ఉంచుకోమని, లింగమ్మ కుడిచేతిని పట్టుకొని, లాంతరు గ్లాసు ఎలా పైకి లేపాలో, వత్తి ఎంత తిప్పాలో ఆ చేత్తోనే చేయించింది. లాంతరు వెలిగింది. తర్వాత స్టవ్ వెలిగింది. "తలుపు ఇంత తెరిచి పెట్టు, పొగ బయటికి పోవాల," అంది. నీళ్లు కాగాయి. వెచ్చటి గుడ్డతో బిడ్డ పాదాలు అద్దుతూ ఆమె ఏదో కూనిరాగం తీస్తోంది. లింగమ్మ రాగిసంగటి కలిపిన వేడి గంజి తాగింది. కాసేపటికి బిడ్డ గట్టిగా, మొండిగా ఏడుపందుకుంది. ఆ ఏడుపు విని ఆడవాళ్లిద్దరూ నవ్వారు. నేను కింద కూర్చొని అగ్గిపుల్లలు ఏరాను. ఏరమని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు అంగడికి వచ్చినవాళ్లతో శెట్టెమ్మ అంటోంది: "మా కుళ్ళాయప్ప వానలో పోయి లింగమ్మకు దీపం మార్చి ఇచ్చి వచ్చినాడు." ఆ కుళ్ళాయప్పను నేనే, పక్కనే ఉన్నాను. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. తల దించుకున్నాను, అందరూ దాన్ని వినయమనుకున్నారు. వారానికి రామాంజులు టమోటాల బుట్టతో వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంటే అదీ పుచ్చుకున్నాను. ఆ తర్వాత ఏటేటా వంకలో నీళ్లు పెరిగాయి. నడుములోతు, రొమ్ములోతు, మెడలోతు. మా కరువు నేలలో నీళ్లు అంతగా పెరిగింది నా నోట్లోనే.

అలా ఎందుకు చెప్పావమ్మా అని ఒక రోజు ఆమెనే అడిగాను. స్టవ్ తుడుస్తూ తల ఎత్తకుండానే, "పేరు ఇచ్చినా కదా, ఇంక దానికి తగినట్టు ఉండు," అంది. అదే చాలింది. ఆ తర్వాత అక్కడ ఉన్నన్నాళ్లూ మూట ఎత్తించకుండా నేనెవరికీ ఏదీ అమ్మలేదు. ఇది మాత్రం కల్పన కాదు.

ఇప్పుడు శెట్టెమ్మ లేదు. ఆ అంగట్లో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా పద్మ పంపు స్టవ్‌ను ఒక పక్కన పెట్టి, తాను తెప్పించిన రెండు పెట్టెలు విప్పింది. ఒకటి చిన్న గ్యాసు డబ్బాతో వెలిగే స్టవ్, ఇంకొకటి చార్జింగు లైటు. నాకు నచ్చలేదు.

"డబ్బా అయిపోతే మళ్లీ యాడ దొరుకుతాది?" అన్నాను.

"బజార్లో అడిగొచ్చినా మామా. రెండు ఎక్కువే తెచ్చినా."

"లైటుకు చార్జింగు పెట్టేది మరిచిపోతే?"

"అమావాస్య అమావాస్యకు పెడతా. క్యాలెండరు మీద రాసినా."

"అట్లయితే చెనిక్కాయలు తీసుకురా," అన్నాను.

కథ తెలిసిన పిల్ల. మూట కట్టుకొని, సామాన్ల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేను బయట నిలబడి చెవి ఆనించాను. ఒక టిక్కు, తలుపు సందులోంచి వెలుతురు. కిటికీ తెరిచిన చప్పుడు, ఇంకో టిక్కు, సన్నగా మంట శబ్దం. మూట చంకలోనే ఉంచుకొని బయటికి వచ్చింది. పౌరుషం పొడుచుకొచ్చి నేను ఆ మూట చంకనేసుకొని, పంపు స్టవ్ తీసుకొని లోపలికి పోయాను. నూనె లేదు కాబట్టి ఉత్త పంపే కొట్టి చూపిస్తానన్నాను. మూడో దెబ్బకు మూట జారి చెనిక్కాయలు గదంతా దొర్లాయి.

ఇద్దరం కింద కూర్చొని ఏరుతున్నాం. ఏరుతూ ఏరుతూ ఉన్నదంతా చెప్పేశాను.

పద్మ దోసెట్లోని కాయలు మూటలో పోసింది. తర్వాత, "మెడలోతు నీళ్లు లేవా మామా?" అంది.

"మోకాళ్లదాకా."

"మోకాళ్లదాకన్నా నిజమేనా?"

"కొంచెం కిందనే," అన్నాను.

సాయంత్రం పక్కింటామె వచ్చి కొత్త స్టవ్ చూసి బాగుందంది. "మా మామ పరీక్ష పెట్టి ఏరినాడు," అంది పద్మ. ఆ మాట, ఆ తీరు నాకు బాగా తెలుసు. వెనక ఒకసారి శెట్టెమ్మ అలాంటి మాటే అంటే తల దించుకొని నిలబడ్డాను.

"నేను కాదమ్మా, మా కోడలే ఏరింది. పరీక్షలో నేను తప్పినా," అన్నాను. ఇంత చిన్న మాట నోటికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. వాళ్లిద్దరూ నవ్వుతుంటే కొంచెం పరువు మిగుల్చుకుందామని, "మూట మాత్రం నాదే," అన్నాను.

అదీ నిజం కాదు. మూట శెట్టెమ్మది. నేను ఎత్తుకొని ఉన్నానంతే.